పదిమందిలో ఒక పేరు: పనిచోట సొంత బాధ్యత, ఉమ్మడి బాధ్యత
(స్మారకోపన్యాస పాఠం)

గతించినవారి పేరిట మాట్లాడేటప్పుడు బతికున్నవారికి పనికొచ్చే మాట చెప్పడమే వారికి తగిన గౌరవమని నా నమ్మకం. అందుకే ఈ రోజు పనిచోట బాధ్యత గురించి మాట్లాడదలచాను. ఈ విషయం మాట్లాడుకోవడానికి ఉప్పల్, నాచారం కన్నా తగిన చోటు హైదరాబాదులో అరుదు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో మందులు తయారుచేసే యూనిట్లు, ఇంజనీరింగ్ షెడ్లు ఉన్నాయి. ఆ కార్మికులకు వైద్యం చేసే ఈఎస్ఐ ఆసుపత్రి నాచారంలోనే ఉంది. ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, దానికి దగ్గర్లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. మెట్రో రైళ్ల డిపో, జెన్‌పాక్ట్ లాంటి సంస్థల ఆఫీసులు, అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం, అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపే. ఇన్ని రకాల పనుల్లో ఒక్క మనిషి చేతిలో మొదలై ఆ మనిషి చేతిలోనే ముగిసే పని దాదాపు లేదు. ఒకరు చేసినదాన్ని ఇంకొకరు అందుకోవాలి. మరి అటువంటి పని చెడినప్పుడు దానికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

ఈ ప్రశ్నకు మనం సాధారణంగా రెండు రకాల జవాబులు వింటుంటాం. మొదటిది, ఎవడు చేశాడో పట్టుకుని సస్పెండ్ చేయడం. రెండోది, ఇది మనందరి బాధ్యత అని మీటింగు ముగించడం. మొదటి పద్ధతిలో ఒక మనిషి బలవుతాడు, పని తీరు మాత్రం మారదు. రెండో పద్ధతిలో ఎవరూ బలవరు, అప్పుడూ పని తీరు మారదు. తిలా పాపం తలా పిడికెడు అని మన పెద్దలు అన్నది ఈ రెండో పద్ధతిని చూసే. నేను చెప్పదలచినది ఇంతే: ఉమ్మడి బాధ్యత అంటే సొంత బాధ్యతను ముక్కలు చేసి తలా ఒకటి పంచడం కాదు. ప్రతి పనికీ ఒక పేరుండాలి. ఆ పేరుగల మనిషికి పని ఆపగల అధికారముండాలి. ఆ మనిషి చెప్పేది పైవాళ్లు వినితీరాలి. ఈ మూడూ ఉన్నచోటే ఉమ్మడి బాధ్యత నిలబడుతుంది. ఏ ఒక్కటి లోపించినా అది గోడ మీద రాసిన నినాదంగానే మిగిలిపోతుంది.

ముందుగా పేరు సంగతి చూద్దాం. పదిమందిలో పాము చావదు అనే సామెతను మనస్తత్వ శాస్త్రం చాలా ఆలస్యంగా ప్రయోగశాలలో రుజువు చేసింది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఉన్న మనిషికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించి, విన్నవాళ్లు ఏం చేస్తారో గమనించారు. విన్నది తానొక్కడే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ మనిషి మాట ఆగిపోయే లోపే లేచి సాయం కోసం వెళ్లారు. తనతోపాటు మరో నలుగురు వింటున్నారని నమ్మినవారిలో అలా లేచినవారు 31 శాతమే. అక్కడ కూర్చుండిపోయినవారు మనసు లేనివారు కారు. ఇంకెవరో వెళ్లే ఉంటారని వారనుకున్నారు. దీనికన్నా ముందే ఫ్రెంచి ఇంజనీరు రింగెల్‌మాన్ తాడు లాగుడు మీద చేసిన పరిశీలనలు 1913లో అచ్చయ్యాయి. తాడు పట్టిన మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని అవి చూపించాయి. ఇవాళ ఆఫీసుల్లో ఇదే జరుగుతోంది. ఒక సమస్య గురించి పదిమందికి కాపీ పెట్టి మెయిల్ పంపితే, పదిమందీ చదువుతారు, పదిమందీ మిగతా తొమ్మిదిమందిని నమ్ముకుంటారు. పంపినవారు మాత్రం చెప్పేశాను కదా అని నిశ్చింతగా ఉంటారు.

ఈ జబ్బుకు మందు కూడా ఆ పరిశోధనల్లోనే దొరికింది. లటానే, ఆయన సహచరులు 1979లో చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో గుంపులో మనిషి శ్రమ తగ్గడం మళ్లీ కనిపించింది. 1981లో మరో అడుగు వేసి, గుంపులో ఉన్నా ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని ముందే చెప్పి చూశారు. అప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. గుంపు మనిషిని సోమరిని చేయడం లేదు. గుంపులో తన వంతు ఎవరికీ కనబడదన్న భావనే మనిషిని వెనక్కి లాగుతోంది. కాబట్టి జట్టు కావాలా, వ్యక్తి కావాలా అని తర్కించుకోనక్కర్లేదు. జట్టులో వ్యక్తి వంతు కనబడేలా పనిని అమర్చుకుంటే చాలు.

ఈ అమరిక లోపిస్తే ఎంత నష్టమో తెలుగు నేల మీద జరిగిన ఒక దుర్ఘటన చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. అందులో ఒకే ఒక్క దోషి కనిపించడు, వరసగా లోపాలు కనిపిస్తాయి. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారు, పైన ఎంత వేడెక్కిందో తెలిసే ఏర్పాటు లేదు. అంతకుముందు డిసెంబరులో పైపుల అమరిక మార్చడంతో లోపలి ద్రవం సరిగా కలియలేదు. పాలిమర్‌గా మారకుండా ఆపే రసాయనం సరిపడా లేదు. లాక్‌డౌన్‌లో నిలవ ఉంచిన స్టైరీన్ ఎలా ప్రవర్తిస్తుందో సిబ్బందికి తగినంత తెలియదు. ప్రభుత్వ ఫ్యాక్టరీల శాఖ పర్యవేక్షణ కూడా లోపభూయిష్టమని కమిటీ చెప్పింది. వీటన్నిటికన్నా బాధించే విషయం ఒకటుంది. ప్రమాద సైరన్ మోగించడానికి కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాటున్నా, ఊరిని లేపవలసిన ఆ సమయంలో సైరన్ మోగలేదు.

ఆ 36 చోట్ల గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఎవరైనా మోగించవచ్చు అనే ఏర్పాటు వినడానికి బాగుంటుంది, బాధ్యత అందరికీ పంచినట్టే అనిపిస్తుంది. కానీ ప్రమాద సమయంలో ఎవరైనా చేయవచ్చు అన్న పని ఎవరూ చేయని పనిగా మారిపోగలదు. ఫలానా స్థితి వస్తే ఫలానా షిఫ్టులో ఫలానా మనిషి, పైవారి అనుమతి కోసం చూడకుండా మోగించాలి, ఆ మనిషి లేకపోతే ఇంకెవరైనా మోగించవచ్చు అని నిర్ణయించి, పలుమార్లు సాధన చేయించినప్పుడే ఆ ఏర్పాటుకు ప్రాణం వస్తుంది. ముందు ఒక పేరు, ఆ పేరు వెనుక అందరి హక్కు. ఈ క్రమం తిరగబడితే పరికరాలు ఎన్ని ఉన్నా మనుషులను కాపాడలేవు.

మన చట్టానికి ఈ సంగతి తెలియకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రతి కర్మాగారానికీ ఆక్యుపయర్‌గా, అంటే దానిపై అంతిమ నియంత్రణ ఉన్నవారిగా ఒకరు, మేనేజరుగా ఒకరు పేరుతో సహా నమోదు కావాల్సి ఉండేది. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని చంపిన తర్వాత, 1987లో ఆ చట్టాన్ని సవరించారు. కంపెనీ అయితే దాని డైరెక్టర్లలో ఒకరినే ఆక్యుపయర్‌గా భావించాలన్నారు, అంటే కింది ఉద్యోగి పేరు పెట్టి పైవారు తప్పుకునే దారి మూశారు. ప్రమాదకర పరిశ్రమల్లో యాజమాన్యం నుంచీ కార్మికుల నుంచీ సమాన సంఖ్యలో ప్రతినిధులతో సేఫ్టీ కమిటీ ఉండాలని 41జి సెక్షన్ చెప్పింది. ప్రాణాపాయం పొంచి ఉందని అనుమానం కలిగితే కార్మికుడు యాజమాన్యం దృష్టికీ, ఇన్‌స్పెక్టర్ దృష్టికీ తేవచ్చని 41హెచ్ సెక్షన్ చెప్పింది. పైన ఒక పేరు, మధ్యన ఉమ్మడిగా కూర్చునే చోటు, కింది నుంచి పైకి మాట వెళ్లే దారి, మూడూ ఆ చట్టంలో ఉండేవి. ఆ చట్టం స్థానంలోకి 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి 2025లో వచ్చింది. ఏ చట్టం అమలులో ఉన్నా ఈ మూడింటినీ కాపాడుకోవడం కార్మిక సంఘాల పని, యాజమాన్యాల పని కూడా. నాచారంలోని ఏ యూనిట్‌లోనైనా సేఫ్టీ కమిటీ ఉందో లేదో మాత్రమే అడిగితే సరిపోదు. అది కిందటిసారి ఎప్పుడు కూర్చుంది, కార్మికులు లేవనెత్తిన ఏ అంశం మీద పని మారింది అని అడగాలి.

పరిశోధనశాలలకూ ఇదే వర్తిస్తుంది. ఒక శాస్త్ర పత్రం మీద పది పేర్లున్నప్పుడు అందులోని తప్పుకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న వైద్య పత్రికల సంపాదకులను చాలాకాలం వేధించింది. వారి అంతర్జాతీయ సంఘం రచయితగా పేరు వేసుకోవడానికి మూడు షరతులు పెట్టింది, 2013లో నాలుగోది చేర్చింది. పత్రంలోని ఏ భాగం మీద సందేహం వచ్చినా, అది సక్రమంగా విచారణకు వచ్చి పరిష్కారమయ్యేలా చూస్తానని ప్రతి రచయితా ఒప్పుకోవాలి. నీ ప్రయోగానికి నువ్వు జవాబుదారీ, సహచరుడి ప్రయోగం మీద సందేహం వస్తే కళ్లు మూసుకోకుండా ఉండటానికీ జవాబుదారీ. సొంత బాధ్యతను ఉమ్మడి బాధ్యత పలచన చేయకుండా దానికి తోడు నిలిచే తీరు ఇది.

బాధ్యత ఎక్కువగా జారిపోయేది ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే అతుకుల దగ్గర. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 167 మంది మరణించారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసేశారన్న సంగతి పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు సరిగా అందలేదు. రెండో పంపు ఆగిపోగానే రాత్రివాళ్లు ఆ వాల్వులేని పంపును నడిపారు. అక్కడ లోపించింది షిఫ్టు మార్పిడిని తన పనిగా భావించే మనిషి. మన ఉప్పల్‌లోనే ఇంకో రకం అతుకు రోజూ కళ్లకు కనిపిస్తుంది. వరంగల్ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. అనుకున్న గడువు దాటి ఏళ్లు గడిచాయి. స్తంభాల మధ్య, గుంతల మధ్య, దుమ్ములో ప్రజలు నడిచారు. కేంద్రం, రాష్ట్రం, కాంట్రాక్టర్, భూసేకరణ అని ప్రతి దశకూ ఒక కార్యాలయం ఉంది. అన్నిటినీ కలిపి ఈ రోడ్డు నాది అని పౌరుడి ముందు నిలబడే ఒక్క పేరు మాత్రం ప్రజలకు కనిపించలేదు. అతుకుకు కూడా ఒక యజమాని ఉండాలన్న పాఠం కర్మాగారానికీ ఇదే, ప్రభుత్వానికీ ఇదే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ప్రతి పనికీ పేరు పెడితే, రేపు తప్పు జరిగినప్పుడు ఆ పేరునే బలిచేయరా? భయంతో మనుషులు తప్పులు దాచరా? ఈ భయం న్యాయమైనదే, దీనికి ఆధారం కూడా ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే తప్పులను పరిశీలించి 1996లో ప్రచురించారు. మంచి నాయకత్వమున్న జట్లలో తప్పులు తక్కువ నమోదవుతాయని ఆమె అనుకున్నారు. కానీ నమోదైనవి ఎక్కువగా తేలాయి. ఆ జట్లు తప్పులు ఎక్కువ చేస్తున్నాయని దాని అర్థం కాదు, జరిగినవాటిని భయం లేకుండా చెప్పుకుంటున్నాయని ఆమె వివరించారు. అంటే ఒక యూనిట్‌లో ఏడాది పొడవునా ఒక్క తప్పూ రిపోర్టు కాలేదంటే సంతోషించే ముందు అనుమానించాలి. పేరు పెట్టడం, నింద వేయడం ఒకటి కావు. పని మొదలయ్యే ముందు పేరు పెడితే అది బాధ్యత. పని చెడ్డాక పేరు వెతికితే అది నింద. ఈ తేడాను కాపాడాల్సింది నాయకుడే.

నాయకుడు దాన్ని ఎలా కాపాడతాడో ఉప్పల్ స్టేడియం 2024 జనవరిలో చూసింది. భారత్, ఇంగ్లాండ్ తొలి టెస్టులో టామ్ హార్ట్లీ అనే కొత్త స్పిన్నర్ తన మొదటి టెస్టు ఆడుతున్నాడు. అతని తొలి బంతినే యశస్వి జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. తొలి ఇన్నింగ్స్‌లో అతను 131 పరుగులిచ్చి రెండే వికెట్లు తీశాడు. కెప్టెన్ బెన్ స్టోక్స్ అతన్ని దాచలేదు, దెబ్బలు తింటున్నా బంతి అతని చేతికే ఇస్తూ వచ్చాడు. ఇంగ్లాండ్ 190 పరుగులు వెనకబడింది. రెండో ఇన్నింగ్స్‌లో ఒలీ పోప్ 196 పరుగులు చేయగా, హార్ట్లీ 62 పరుగులకు ఏడు వికెట్లు తీశాడు. భారత్ 28 పరుగుల తేడాతో ఓడింది. గెలిచారు కాబట్టి ఆ కెప్టెన్ నిర్ణయం గొప్పదని నేను అనడం లేదు. ఓడినా అది సరైన పంపకమే. బంతి వేసే బాధ్యత బౌలర్‌ది, స్కోరుబోర్డు మీద అతని పేరే పడుతుంది. కొత్తవాడిని నమ్మి బౌలింగ్ చేయించినందుకు వచ్చే నష్టం కెప్టెన్ ఖాతాలోది. ఎన్నో ఆఫీసుల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. గెలుపు మేనేజర్ ప్రజెంటేషన్‌లో చేరుతుంది, ఓటమి ట్రైనీ అప్రైజల్‌లో చేరుతుంది.

నాయకుడు నష్టాన్ని మోయాలి అనగానే రాజీనామా గుర్తొస్తుంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపితే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర అదే తరహా ఘోరం జరిగాక శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి ఆమోదించారు. ఆయన వ్యక్తిగతంగా దోషి అని కాదు, రాజ్యాంగ మర్యాద కోసం ఒప్పుకుంటున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు. ఆ నైతికతకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే మూడు నెలల లోపే రెండు వంతెనల దగ్గర రెండు దుర్ఘటనలు జరిగాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పదవి వదలడం జవాబుదారీకి గుర్తు. వరద వచ్చేలోగా వంతెనను ఎవరు పరీక్షించాలి, సందేహం వస్తే రైలును ఎవరు ఆపాలి అన్నవి తేల్చడమే ఆ జవాబుదారీకి సారం. గుర్తు చూపి సారాన్ని వదిలేసే నాయకత్వం ఈ రోజుల్లో ఎక్కువ, గుర్తు కూడా చూపనిది ఇంకా ఎక్కువ.

అన్నిటికన్నా కష్టమైన అభ్యంతరం పారిశ్రామికవాడల నుంచి వస్తుంది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన హెల్పర్, వేరే రాష్ట్రం నుంచి వచ్చి భాష పూర్తిగా రాని కూలీ, రేపటి పని ఉంటుందో లేదో తెలియని మనిషి, రియాక్టర్ దగ్గర ఏదో తేడాగా ఉందని చెప్పగలడా? అతనికి సొంత బాధ్యత గురించి పాఠం చెప్పడం అన్యాయం కాదా? అన్యాయమే. అధికారం లేని చోట బాధ్యత పెడితే అది శిక్షే అవుతుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని చెప్పింది. జీతం విషయంలో ఒప్పుకున్న ఈ సూత్రాన్ని మాట విషయంలోకీ తేవాలి. కాంట్రాక్టు కార్మికుడు పని ఆపి ప్రమాదం ఉందంటే, ఆ మాట వినే బాధ్యత ప్రధాన యజమానిదే కావాలి. ఆపినందుకు అతని కూలి తెగకూడదు. అతని అనుమానం తప్పని తేలినా తెగకూడదు. తప్పు అనుమానానికి కూలి కోస్తే, రేపు నిజమైన అనుమానం కూడా అతని నోటి నుంచి రాదు.

చివరి అభ్యంతరం, ఇదంతా కాగితాల మీద పెరుగుతుందే తప్ప మనుషుల్లో మారదని. దీనికి ఆధారం రెండు వైపులా ఉంది. శస్త్రచికిత్స సందర్భంగా చదివే ఒక చెక్‌లిస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాల రేటు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గింది. అందులో కోత పెట్టే ముందు జట్టులోని ప్రతివారూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్న అంశం ఉంది. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు కూడా అటువంటి చెక్‌లిస్టునే అమలుచేశాయి. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. కాగితం దాదాపు ఒకటే, ఫలితం వేరు. నా దృష్టిలో ఇది చెక్‌లిస్టులు వద్దనడానికి సాక్ష్యం కాదు. టిక్కులు పెట్టించడం ఆదేశంతో అయ్యే పని. నర్సు సందేహం చెబితే సర్జన్ చేయి ఆపడం అలవాటుతో అయ్యే పని. ఆ అలవాటు పైనుంచి రావాలి. కింది మనిషి మొదటిసారి ఆపినప్పుడు పై మనిషి ఎలా ప్రవర్తించాడో చూసి మిగతావారంతా నేర్చుకుంటారు.

కాబట్టి ఈ సభలోని యజమానులను, మేనేజర్లను, టీమ్ లీడర్లను, కార్మిక సంఘాల నాయకులను నేను కోరేది స్పష్టంగా చెబుతాను. మీ పనిచోట ప్రమాదకరమైన ప్రతి దశకూ, ప్రతి షిఫ్టు మార్పిడికీ ఒక పేరు రాయండి. ఆ పేరు పక్కనే ఆ మనిషి ఎవరి అనుమతీ లేకుండా ఏం ఆపగలడో రాయండి. ఆపినప్పుడు అతని జీతానికి, కాంట్రాక్టుకు రక్షణగా ఎవరు నిలుస్తారో ఆ పైవారి పేరూ రాయండి. మొదటి పేరు మాత్రమే రాసి మిగతా రెండూ ఖాళీగా వదిలితే, మీరు బాధ్యతను అప్పగించలేదు, రాబోయే నిందకు మనిషిని ముందే ఎంచి పెట్టుకున్నారు. మూడూ రాసి, అవి రాత్రి షిఫ్టులోనూ నిజమయ్యేలా చూస్తే, ఉమ్మడి బాధ్యత గురించి విడిగా ఉపన్యాసాలు ఇవ్వనక్కర్లేదు. నాచారంలో ఈ రాత్రి డ్యూటీకి వెళ్లే హెల్పర్‌కు తెల్లవారి క్షేమంగా ఇల్లు చేరే హక్కుంది. ఆ హక్కు అతని జాగ్రత్త ఒక్కదానితోనే నెరవేరదు. అతను వద్దన్నప్పుడు ఆగే పై అధికారి ఉంటేనే నెరవేరుతుంది. అటువంటి అధికారిగా ఉండటమే నాయకత్వం.